చిన్నప్పుడు నేను మొండిదాన్నట: ఆ ఒక్క మాటలో ఏమేం కలిసిపోయాయి

ప్రతి మే నెలలో గంగమ్మ జాతరకు తిరుపతిలో మా ఇంటికి చుట్టాలు దిగుతారు. కొర్లగుంటలో మాది చిన్న ఇల్లే, అయినా పలమనేరు నుంచి చిన్నాయన వాళ్ళు, పుత్తూరు నుంచి పెద్దమ్మ వాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అందరూ సర్దుకుంటారు. రాత్రి అన్నాలయ్యాక మిద్దె మీద చాపలు పరుచుకుని కూర్చుంటే మాటలు ఎటు తిరిగినా చివరికి చిన్నతనం దగ్గరికే వస్తాయి, ఎవరు తుంటరి, ఎవరు గమ్మునుండేవాళ్ళు, ఎవరికి నాలుగు ముద్దలు పెట్టాలంటే వీధంతా తిప్పాల్సి వచ్చేది అని. నా వంతుకు ఎప్పుడూ ఒకటే మాట. "ఇది జగమొండి. ఒకటో తరగతిలో ఏడాది పొడుగునా బడికి పోనని ఏడ్చింది." నాకు నలభై దాటినా ఆ మాట మాత్రం మారలేదు.

ఈ మధ్య ఆ మిద్దె మీదికి ఫోన్ కూడా వచ్చి చేరింది. మా చిన్నాయన కూతురు ఒక రీల్ చూపించింది. చిన్నప్పుడు పెన్సిళ్ళు పోగొట్టుకునేవాళ్ళా, క్లాసులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాళ్ళా, అయితే మీకు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే అని అందులో ఒకాయన చెబుతున్నాడు. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి ఇబ్బంది. ఆ అమ్మాయి నిజంగానే టెన్షన్ పడుతోంది. "అక్కా, నేను చిన్నప్పుడు ఎట్లుండేదాన్ని?" అని అడిగింది. వినడానికి చిన్న ప్రశ్నే గానీ లోపల మూడు ప్రశ్నలున్నాయి. అప్పుడు నేను చేసిందేమిటి? అప్పటి గుణం ఇప్పటికీ నాలో ఉందా? అసలు అప్పటి సంగతి ఇప్పుడు నాకైనా ఇంట్లోవాళ్ళకైనా సరిగ్గా తెలుస్తుందా? మూడింటికీ జవాబులు వేరు, వాటిని ఒకటిగా కలిపేసుకోవడం వల్లే చాలామంది అనవసరంగా బాధపడుతున్నారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ప్రవర్తన, స్వభావం, వ్యక్తిత్వం, ఇంట్లో పడిన పేరు

ముందు మాటలు విడదీసుకుందాం. ప్రవర్తన అంటే పక్కనున్నవాళ్ళ కంటికి కనిపించేది: బడి గేటు దగ్గర ఏడవడం, చుట్టాలొస్తే అమ్మ కొంగు వెనక దాక్కోవడం. స్వభావం దానికంటే లోపలిది. కొత్త మనిషిని చూస్తే ఎంత బెదురుతుంది, చప్పుడుకు ఎంత ఉలిక్కిపడుతుంది, ఏడుపు మొదలుపెడితే ఎంతసేపటికి ఊరుకుంటుంది, ఇలాంటివి. పసితనంలోనే ఈ తేడాలు తెలుస్తాయి, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళలో కూడా. ఆ స్వభావానికి పెంపకం, బడి, స్నేహాలు, పడిన కష్టాలు, నమ్ముకున్న సంగతులు అన్నీ తోడై ఏళ్ళ తరబడి తయారయ్యేది వ్యక్తిత్వం. ఇక నాలుగోదాన్ని మనం లెక్కలోకే తీసుకోం, అది ఇంట్లో పడిన పేరు. మొండి, తిక్క, అమాయకురాలు, బుద్ధిమంతుడు. ఈ పేర్లు పెట్టింది పెద్దవాళ్ళు, అదీ వాళ్ళకు ఆ రోజున్న ఓపికను బట్టి.

ఒక ఉదాహరణ. పెళ్ళి భోజనాల దగ్గర ఐదేళ్ళ పిల్ల కొత్తవాళ్ళ పక్కన కూర్చోనని నిలబడిపోయింది అనుకుందాం. కూర్చోలేదన్నది ప్రవర్తన. ఎందుకు కూర్చోలేదు? కొత్త చోట కుదురుకోవడానికి టైం పట్టే స్వభావం కావొచ్చు, లేదా కొత్త చెప్పులు కరుస్తుండొచ్చు, ఆకలే లేకపోవచ్చు. ఇవేవీ ఎవరూ అడగరు, మొండి అనే పేరు మాత్రం ఆ పూటే పడిపోతుంది. అదే పని అబ్బాయి చేస్తే "వాడికి పట్టుదల ఎక్కువ" అనడం మా ఇంట్లోనే విన్నాను, తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

స్వభావం గురించి పద్ధతిగా చూసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మానసిక వైద్యుల జంట గురించి. 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. దాదాపు 40 శాతం మంది తేలిగ్గా సర్దుకునే పిల్లలు, 10 శాతం మంది పెంచడానికి కష్టమనిపించే పిల్లలు, 15 శాతం మంది మెల్లగా కుదురుకునేవాళ్ళు. మిగతా 35 శాతం ఏ గుంపులోనూ ఇమడలేదు. ఈ అంకెల కంటే వాళ్ళు చెప్పిన ఇంకో మాట నాకు ముఖ్యమనిపిస్తుంది. పిల్ల స్వభావం ఒక్కటే ఏదీ తేల్చదు, ఆ స్వభావానికీ చుట్టూ ఉన్న ఇంటికీ పొసగిందా లేదా అన్నదే అసలు సంగతి అన్నారు. చప్పుడంటే బెదిరే పిల్ల గోవిందరాజస్వామి గుడి దగ్గర, పొద్దున లేస్తే యాత్రికులు, జీపులు, మైకులు ఉండే వీధిలో పదిమంది ఉన్న ఇంట్లో పుడితే రోజూ ఏడుస్తుంది, కష్టమైన పిల్ల అవుతుంది. అదే పిల్ల చంద్రగిరి అవతల ఏ మామిడి తోపు పక్కనో తాత, అవ్వ దగ్గర పెరిగితే "బంగారు తల్లి, ఉందో లేదో కూడా తెలీదు" అనిపించుకుంటుంది. స్వభావం ఒకటే అయినా రెండు ఇళ్ళలో రెండు పేర్లు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకల దాకా ఉంటుందా

మన సామెతలన్నీ దాదాపు ఒకవైపే నిలబడ్డాయి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది కొంచెం వేరు, మొక్కగా ఉన్నప్పుడు వంగుతుందని అది ఒప్పుకుంటుంది, కానీ ఆ తర్వాత ఇంక తలుపు మూసేస్తుంది.

సామెతల పక్షాన నిలిచే ఆధారాలు కొన్ని ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్ళో 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి మధ్య పుట్టిన 1,037 మంది పిల్లల్ని మూడేళ్ళప్పటి నుంచి ఇప్పటికీ గమనిస్తూనే ఉన్నారు. మూడేళ్ళ వయసులో వాళ్ళు ఎలా మసలుకున్నారో రాసిపెట్టినదాన్ని 26 ఏళ్ళప్పటి వ్యక్తిత్వంతో పోల్చి చూస్తే పొంతన కనిపించింది, బెదురుగా ఉన్న పిల్లలు పెద్దయ్యాక కూడా ఎక్కువగా వెనక్కి తగ్గే రకంగా, నిలకడ లేని పిల్లలు తొందరగా చిరాకుపడే రకంగా. ఈ పొంతన గుంపు మొత్తం మీద కనిపించేదే, ఒక్కో మనిషి జాతకం చెప్పేంత గట్టిది కాదు.

జెరోమ్ కాగన్ అనే మనస్తత్వవేత్త పని ఇంకా లోతుగా పోయింది. నాలుగు నెలల పసిపాపలకు కొత్త బొమ్మలు, కొత్త వాసనలు, శబ్దాలు చూపిస్తే దాదాపు 20 శాతం మంది కాళ్ళూ చేతులూ గట్టిగా ఆడిస్తూ ఏడ్చారు, 40 శాతం మంది ప్రశాంతంగా ఉన్నారు. గట్టిగా ఏడ్చినవాళ్ళు పెద్దవుతుంటే ఏమైంది? వాళ్ళలో కొందరే బాగా బిడియస్తులయ్యారు, చాలామంది మామూలుగానే పెరిగారు, అయితే వాళ్ళలో ఎవరికీ బెదురూ భయమూ లేని దూకుడు రావడం మాత్రం అరుదు. అంటే స్వభావం మనిషి ఎటు పోవాలో చెప్పదు, ఎటు పోవడం కష్టమో కొంత చెబుతుంది.

ఇక అవతలి పక్షం. స్కాట్లాండ్‌లో 1950లో 14 ఏళ్ళ పిల్లలు 1,208 మందికి వాళ్ళ టీచర్లు ఆత్మవిశ్వాసం, పట్టుదల, మూడ్ నిలకడ లాంటి ఆరు గుణాల మీద మార్కులు వేశారు. ఆ పిల్లలకు 77 ఏళ్ళు వచ్చాక వెతికి పట్టుకుంటే 174 మంది మళ్ళీ పాల్గొన్నారు. 63 ఏళ్ళ తేడాతో చూస్తే అప్పటి మార్కులకూ ఇప్పటి మార్కులకూ చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. దీన్ని చూసి మనిషి మొత్తం మారిపోతాడని అనేస్తే తొందరపాటే, ఎందుకంటే మొదట మార్కులు వేసింది టీచర్లు, తర్వాత వేసింది ఆ పాల్గొన్నవాళ్ళే, వాళ్ళ దగ్గరివాళ్ళు, పైగా మిగిలింది కొద్దిమందే. అయినా ఒక సంగతి మాత్రం తెలుస్తుంది, మధ్యలో గడిచిన ఏళ్ళు పెరిగేకొద్దీ పాత పొంతన పలచబడుతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. మారడం అంటే రెండు రకాలు. బడిలో ప్రేయర్‌కు పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక నిలబెట్టేవాళ్ళు గుర్తుందా? ఒకటో తరగతిలో చివర నిలబడ్డ పిల్ల పదో తరగతిలోనూ చివరే నిలబడితే వరసలో ఆమె చోటు మారలేదు, కానీ మూరల కొద్దీ పెరిగింది. వ్యక్తిత్వం కూడా అంతే. వయసు పెరిగేకొద్దీ సగటున అందరూ కాస్త బాధ్యతగా, కాస్త నెమ్మదిగా అవుతారని చాలా దేశాల్లో చూశారు. నా తోటివాళ్ళతో పోలిస్తే నేను ఇప్పటికీ కాస్త మొండినే అయ్యుండొచ్చు, ఐదేళ్ళ నాతో పోలిస్తే మాత్రం చాలా మారాను. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే.

"అంతా వాళ్ళ నాయన పోలిక" అనే మాట కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. కవలల మీద చేసిన అధ్యయనాల్లో వ్యక్తిత్వంలో తేడాలకు దాదాపు 40 నుంచి 50 శాతం వంశపారంపర్యం కారణమని తేలింది. దానర్థం నీ మొండితనంలో సగం నాయనది, సగం పెంపకానిది అని అస్సలు కాదు, అది గుంపులో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల లెక్క. మన చిత్తూరు తోపులే తీసుకోండి. ఒకే బెంగుళూరు మామిడి చెట్టు నుంచి కట్టిన అంట్లు రెండు రకాల నేలల్లో నాటితే, ఆ చెట్ల మధ్య తేడా మొత్తం నేలది, నీళ్ళది. వేరువేరు టెంకల నుంచి మొలిచిన మొక్కల్ని ఒకే మడిలో ఒకేలా పెంచితే తేడా మొత్తం విత్తనానిది. చుట్టూ పరిస్థితి మారితే ఈ శాతమే మారిపోతుంది, దాన్ని తీసుకొచ్చి ఒక్క చెట్టుకు అంటగట్టలేం.

జాతరలో అరిచిన పిల్లాడు ఇంట్లో గమ్మునే ఉంటాడు

మా వీధిలో ఒక పిల్లాడుండేవాడు, నోరు విప్పి పది మాటలు మాట్లాడితే గొప్ప. జాతర వారం వచ్చిందంటే వాడు వేరే మనిషి. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్లసుద్ద, బండ వేషం రోజు కుంకుమ, తోటి వేషం రోజు బొగ్గుపొడి పూసుకుని వేపాకు కట్టుకుని గుడి దాకా అరుస్తూ పోయేవాడు. ఆ వేషాల్లో బూతులు తిట్టడం ఆచారంలో భాగమే, ఎవరూ తప్పు పట్టరు. వాడు మా తాతను కూడా తిట్టాడు, తాత దండం పెట్టాడు. జాతర అయిపోయిన మర్నాడు అదే పిల్లాడు అంగడికి పంపితే ఏం కావాలో అడగలేక చీటీ చూపించి నిలబడేవాడు.

వాడి అసలు స్వభావం ఏది? ఈ ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రంలో పెద్ద గొడవే జరిగింది. 1968లో వాల్టర్ మిషెల్ అనే ఆయన, ఒకచోట మనిషి చూపించే గుణం ఇంకోచోట కూడా అలాగే కనిపిస్తుందన్న నమ్మకానికి ఆధారం చాలా బలహీనంగా ఉందన్నాడు. గుణాలున్నాయని నమ్మేవాళ్ళు ఊరుకోలేదు, ఒక్కసారి చూసింది లెక్క కాదు, పదిసార్లు చూసి సగటు తీస్తే గుణం కనిపిస్తుందన్నారు. అదీ నిజమే. తర్వాత మిషెల్, యుయిచి షోడా కలిసి సమ్మర్ క్యాంపు పిల్లల్ని రోజుల తరబడి గమనించి ఇంకో దారి చూపించారు. ఒక పిల్లాడు పెద్దవాళ్ళు మందలిస్తే తిరగబడతాడు గానీ తోటివాళ్ళు ఏడిపిస్తే ఊరుకుంటాడు, ఇంకొకడు సరిగ్గా దానికి తిరగేసి. ఇద్దరి సగటు కోపం ఒకటే అయినా మనుషులు వేరు. ఇలాగైతే ఇలా, అలాగైతే అలా అనే ఆ పద్ధతే ఒక్కొక్కరిలో నిలకడగా ఉంది.

ఆ లెక్కన మా వీధి పిల్లాడిలో రెండు మనుషులేమీ లేరు. ఎవరూ తనను తూచరని తెలిసిన చోట గొంతెత్తుతాడు, తూస్తారనుకున్న చోట మూసుకుపోతాడు. అతని చిన్నతనం గురించి నిజంగా ఏదైనా చెప్పుకోవాలంటే, బిడియస్తుడు అనే ఒక్క మాట కంటే ఈ వాక్యం ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

చిన్నప్పటి ఒక్క పనిని పట్టుకుని భవిష్యత్తు చెప్పే అలవాటుకు కూడా ఇది వర్తిస్తుంది. పిల్లల ముందు ఒక మార్ష్‌మెల్లో మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే ఇంకోటి ఇస్తామని చెప్పి, ఆగగలిగినవాళ్ళే పెద్దయ్యాక బాగుపడ్డారని చెప్పుకునే పరీక్ష ఉంది కదా, అదీ మిషెల్‌దే. 2018లో 918 మంది పిల్లల వివరాలతో మళ్ళీ చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది, ఇంటి పరిస్థితి, తల్లి చదువు లాంటివి కూడా లెక్కలోకి తీసుకుంటే చాలావరకు మాయమైంది.

ఇన్‌లాండ్ లెటర్‌లో దొరికిన మూడో రోజు

ఇక మూడో ప్రశ్న. పోయినేడాది పలమనేరులో తాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకు పెట్టెలో మా నాయన రాసిన ఇన్‌లాండ్ లెటర్లు దొరికాయి. ఒకటి 1989 జూలైది. అందులో నాలుగు పంక్తులు నా గురించి: పాప బడికి రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు నుంచి తనే సంచి తగిలించుకుని పోతావుంది, పక్కింటి పాపతో జత కుదిరింది.

ముప్పై అయిదేళ్ళుగా నేను మోసిన ఏడాది ఏడుపు రెండు రోజులే.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందుకే దీన్ని అర్థం చేసుకోవాలి. జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫోటో లాంటిది కాదని, గుర్తు చేసుకున్న ప్రతిసారీ ఉన్న ముక్కలతో మళ్ళీ కట్టుకునేదని మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. చాలా చిన్నప్పటి సంగతులైతే అసలు మిగలవు. పాశ్చాత్య దేశాల్లో అడిగితే పెద్దవాళ్ళ మొట్టమొదటి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నరేళ్ళ వయసుది. చైనావాళ్ళది ఇంకా కొన్ని నెలలు ఆలస్యం, పాత కథలను ఎంతో వివరంగా చెప్పుకునే న్యూజిలాండ్ మావోరీలది ఇంకా ముందు. ఇంట్లో పిల్లలతో గడిచిన సంగతులు ఎలా మాట్లాడతారన్నదాన్ని బట్టి ఏది గుర్తుండాలో, ఎలా గుర్తుండాలో కూడా మారుతుందన్నమాట. మా మిద్దె మీద ఏటా జరిగేది సరిగ్గా అదే. చెప్పిందే చెప్పి, విన్నదే విని, నా ఏడుపు నాకే కనిపించేలా తయారైంది. గేటు ఊచలు పట్టుకుని వేలాడినట్టు నాకు స్పష్టంగా గుర్తుంది, కానీ ఆ దృశ్యంలో నన్ను నేనే బయట నుంచి చూస్తున్నాను.

లేనిది కూడా గుర్తుకొస్తుంది. 1995లో ఎలిజబెత్ లోఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ 24 మందికి వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పారంటూ చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయిన కథ ఒకటి అల్లి ఇస్తే, ఆరుగురికి అది కొంతో పూర్తిగానో గుర్తుకొచ్చింది. మనదే అనుకున్నది వేరేవాళ్ళదీ కావొచ్చు. అలిపిరి మెట్లెక్కుతుంటే కోతి బొరుగుల పొట్లం లాక్కుపోయింది నా చేతిలోంచే అని నాకు గుర్తు, తన చేతిలోంచి అని మా తమ్ముడికి గుర్తు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయమన్నా ఇద్దరం చేస్తాం, ఇద్దరిదీ నిజాయితీయే. కవలల్ని పిలిచి అడిగినప్పుడు కూడా ఇలా ఒకే సంఘటనను ఇద్దరూ తమదే అనడం 2001లో ఒక అధ్యయనంలో బయటపడింది.

గుణాల విషయంలో జ్ఞాపకం ఇంకా బలహీనం. డేనియల్ ఆఫర్ అనే ఆయన 14 ఏళ్ళ అబ్బాయిల్ని ఇల్లు, చదువు, తల్లిదండ్రులు, శిక్షల గురించి అడిగి రాసుకున్నాడు. వాళ్ళకు 48 ఏళ్ళు వచ్చాక 67 మందిని, అప్పుడు మీరేం చెప్పారో చెప్పండి అని అడిగితే, వచ్చిన జవాబులు గుడ్డిగా ఊహించినదానికంటే పెద్దగా మెరుగ్గా లేవు. డునెడిన్‌లో 1994లో వచ్చిన అధ్యయనం ఇంకో తేడా చూపించింది. 18 ఏళ్ళవాళ్ళు చెప్పినదాన్ని అప్పటి రికార్డులతో పోలిస్తే, ఎన్ని ఇళ్ళు మారారు, ఎంత ఎత్తుండేవాళ్ళు, చదవడం బాగా వచ్చేదా లాంటివి బాగానే సరిపోయాయి. ఇంట్లో గొడవలు, మనసులో దిగులు, అల్లరి ఎంత లాంటివే సరిపోలేదు. మనం ఎక్కువగా చెప్పుకునేవి మాత్రం ఈ రెండో రకంవే.

డాక్టర్ చిన్నతనం గురించి ఎందుకు అడుగుతారు

అయితే పాత జ్ఞాపకాలన్నీ చెత్తబుట్టలో వేయాలా? అలా అనేవాళ్ళతో నేను ఏకీభవించను. మా చెల్లెలి భయం సంగతే చూడండి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకం ప్రకారం ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాలంటే 12 ఏళ్ళలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి, అందుకే పెద్దవాళ్ళను పరీక్షించేటప్పుడు డాక్టర్లు చిన్నతనం తవ్వుతారు. వాళ్ళు రోగి మాట ఒక్కదాని మీద ఆగరు, వీలైతే తల్లిదండ్రుల్ని అడుగుతారు, పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మంటారు. పైగా లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ, అంటే ఒకచోటకంటే ఎక్కువగా ఉండాలి, జీవితానికి అడ్డు పడుతుండాలి. పెన్సిళ్ళు పోగొట్టుకోవడం ఏడేళ్ళ పిల్లలందరూ చేసేదే, రీల్‌లో ఆయన చెప్పనిది ఇదే. మరోవైపు, గమ్మున కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆడపిల్లను ఏ టీచరూ పట్టించుకోదు, అల్లరి చేసే మగపిల్లాడే కంటపడతాడు, కాబట్టి ఎంతోమంది ఆడవాళ్ళకు ఆ సంగతి ముప్పై దాటాక గానీ తెలియట్లేదన్నదీ అంతే నిజం. అందుకే మా చెల్లెలిది వట్టి అనుమానమని నేను అనలేదు.

దెబ్బలు, హింస, పట్టించుకోకపోవడం లాంటి వాటి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. జ్ఞాపకం తప్పు కావొచ్చు అన్న మాటను అడ్డం పెట్టుకుని బాధపడ్డవాళ్ళ నోరు మూయించడం తేలిక. కానీ పాత రికార్డులతో పోల్చి చూసిన చోట్ల కనిపించేదేమిటంటే, జరగనిది జరిగిందనేవాళ్ళకంటే జరిగినది చెప్పకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. మాల్‌లో తప్పిపోయిన కథ అల్లి ఎక్కించడం వేరు, ఒక మనిషి తనంతట తను ఏళ్ళ తర్వాత నోరు విప్పడం వేరు.

ఆ ఉత్తరం తీసుకొచ్చి మా అమ్మకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "రెండు రోజులేనా," అంది. కాసేపు ఆ తేదీ చూస్తూ కూర్చుంది. ఆ ఏడాది జూన్‌లోనే మా అమ్మమ్మ పోయింది, అమ్మకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు, తమ్ముడు కడుపులో ఉన్నాడు. ఉత్తరం మడిచి నా చేతికి ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకుని, "ఆ ఏడు ఇంట్లో ఏడుపు ఉన్నింది లేమ్మా, అది మాత్రం నాకు బాగా గుర్తుంది," అంది.